‘నొప్పించి ఉంటే’ అనకండి

2022 జూన్ మొదటి వారంలో హైదరాబాద్ ఎలా ఉందో ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. మే 28న జూబ్లీహిల్స్‌లో ఒక మైనర్ బాలికపై కారులో జరిగిన సామూహిక అత్యాచారం అప్పుడప్పుడే బయటికొచ్చింది. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో అదే మాట, అదే భయం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండ్, న్యూజిలాండ్ టెస్టు మ్యాచ్ మధ్యలో లేయర్ షాట్ అనే బాడీ స్ప్రే యాడ్ ఒకటి టీవీలో వచ్చింది. షాపులో ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. వెనక నలుగురు మగవాళ్లు. మనం నలుగురం, ఉన్నది ఒక్కటే, షాట్ ఎవరిది అన్న అర్థంలో వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. అమ్మాయి బెదిరిపోయి వెనక్కి తిరుగుతుంది. తీరా చూస్తే ఆ మాటలు అరలో మిగిలిన ఒక్క స్ప్రే సీసా గురించి. చూసేవాళ్లు నవ్వుతారని తీసినవాళ్లు అనుకున్నది అక్కడే.

ఎవరూ నవ్వలేదు. ఆ యాడ్ ముక్కలు గంటల్లో దేశమంతా తిరిగాయి. జూన్ 4న కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆ వీడియోలు తీసేయమని ట్విటర్‌కు, యూట్యూబ్‌కు ఆదేశమిచ్చింది. ప్రకటనల ప్రమాణాల మండలి ప్రసారం ఆపించింది. అప్పుడు కంపెనీ క్షమాపణ విడుదల చేసింది. అందులో మాటల వరస చూడండి. అవసరమైన అనుమతులన్నీ తీసుకున్నాకే యాడ్ వేశామన్నది మొదటి మాట. ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదన్నది రెండోది. కొందరు తప్పుగా అర్థం చేసుకున్నారన్న ధోరణి ఆ తర్వాత. ఇవన్నీ అయ్యాక చివరికి క్షమించమన్న మాట వచ్చింది.

భయపడ్డ ఆడపిల్లకు ఆ కంపెనీ రెండుసార్లు దెబ్బ వేసింది. మొదటిది యాడ్‌తో, రెండోది క్షమాపణతో. ఈ రెండో దెబ్బ గురించి మన ఊళ్లలో వ్యాపారం చేస్తున్న ప్రతి ఒక్కరినీ ఇప్పుడే హెచ్చరించాలి. మొదటి తప్పు తొందరలోనో తెలియకో జరగవచ్చు. రెండోది మాత్రం నలుగురు పెద్దలు గదిలో కూర్చుని, లాయరును పిలిపించుకుని, మాట మాట తూచి మరీ చేసేది. దానికి తెలియదన్న సాకు చెల్లదు.

ఇప్పుడే ఎందుకంటే, ఎవరి పేజీ వాళ్లకు వచ్చేసింది. బిర్యానీ హోటల్‌కూ, చీరల షాపుకూ, ఇంటర్ కాలేజీకీ, జిమ్ముకూ, రియల్ ఎస్టేట్ వెంచర్‌కూ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంది. దాన్ని నడిపేది నెలకు ఇంత అని మాట్లాడుకున్న ఏజెన్సీలో ఇరవై రెండేళ్ల కుర్రాడో, అమ్మాయో. మన వాడుకలో అడ్మిన్. పొద్దున లేవగానే ట్రెండ్ ఏమిటో చూసుకోవాలి. బ్రహ్మానందం ముఖమో, ఒక సినిమా డైలాగో తగిలించి గంటలోపు మీమ్ వేయాలి. లైకులు వస్తే శభాష్, రాకపోతే చీవాట్లు. ఆ పోస్టు జనంలోకి వెళ్లేముందు ఒక్కసారి చూసే పెద్దదిక్కు చాలాచోట్ల లేదు. యజమానికి తన పేజీలో ఏం పడుతోందో తెలియదు. తెలిసేది గొడవయ్యాకే.

ఆ మీమ్‌లకు సరుకు ఎక్కడ దొరుకుతుంది? మన సినిమా హాస్యంలో. అది దశాబ్దాలుగా నల్లటి ఒంటి మీద, లావు మీద, నత్తి మీద, శ్రీకాకుళం యాస మీద, తెలంగాణ యాస మీద, హిజ్రాల మీద, పెళ్లాం నోటి మీద బతికింది. తెర మీద ఒక పాత్ర అన్న మాట ఆ పాత్రదే. అదే మాటను చీరల షాపు తన పేజీలో పెడితే, అది ఆ షాపు తన గుమ్మంలోకి వచ్చిన మనిషితో అన్న మాట అవుతుంది. కొనడానికి వచ్చిన అమ్మాయిని కౌంటరు దగ్గర నిలబెట్టి నీ రంగుకు ఏ చీరా నప్పదని నవ్విన లెక్క. కౌంటరు దగ్గర ఏ సేల్స్‌మన్ అయినా ఆ మాట అంటే యజమాని ఊరుకుంటాడా? పేజీలో అంటే మాత్రం కంటెంట్ అనుకుంటాడు.

మాట జారింది, జనం తిరగబడ్డారు అనుకుందాం. అక్కడి నుంచి మొదటి నాలుగైదు గంటలే అసలు సమయం. మామూలుగా ఆ గంటల్లో జరిగేది ఇది: పోస్టు చప్పుడు కాకుండా మాయమవుతుంది. కామెంట్లు మూసేస్తారు. అడిగినవాళ్లను బ్లాక్ చేస్తారు. ఈలోగా ముందే షెడ్యూల్ చేసి పెట్టిన వీకెండ్ ఆఫర్ పోస్టు టైముకు ఠంచనుగా వచ్చి పడుతుంది. ఒకపక్క జనం బాధతో మాట్లాడుతుంటే మరోపక్క ఒకటి కొంటే ఒకటి ఉచితం. పుండు మీద కారం చల్లడం అంటే ఇంతకన్నా వేరే ఉండదు. తీసేసిన పోస్టు స్క్రీన్‌షాట్ అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. తీసేయడం తప్పని నేననను. తీసేయాలి. కానీ తీసేశామని చెప్పాలి, ఎందుకు తీసేశామో చెప్పాలి. చెప్పకుండా తీసేస్తే జనం దాన్ని దాచడమనే అంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

అమెరికాలో డిజార్నో అనే పిజ్జా కంపెనీ 2014 సెప్టెంబర్‌లో చేసిన పని చెప్పుకోదగ్గది. ఒక ఫుట్‌బాల్ ఆటగాడు కాబోయే భార్యను కొట్టిన వీడియో ఆ రోజే బయటపడింది. కొట్టే మగవాడి దగ్గర ఇన్నాళ్లూ ఎందుకు ఉండిపోయామో వేలమంది ఆడవాళ్లు ట్విటర్‌లో ఒకే హ్యాష్‌ట్యాగ్ కింద రాస్తున్నారు. పిల్లల కోసమని, వెళ్లడానికి చోటు లేదని, చంపేస్తాడన్న భయంతోనని. అది ఏదో సరదా ట్రెండ్ అనుకుని, పిజ్జా ఉంది కాబట్టి ఉండిపోయావ్ అన్నట్టు ఆ కంపెనీ ఖాతా ఒక ముక్క రాసేసింది. చదివినవాళ్ల ఒళ్లు మండింది. కానీ ఆ కంపెనీ నిమిషాల్లో దాన్ని తీసేసి, ఆ హ్యాష్‌ట్యాగ్ దేని గురించో చదవకుండా పోస్టు చేశామని సూటిగా ఒప్పుకుంది. అక్కడితో ఆగలేదు. తిట్టినవాళ్లకు ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాస్తూ పోయింది. చదవకుండా వేశాం అన్నది సిగ్గుపడాల్సిన నిజం. కానీ నిజం. అందుకే వినేవాళ్లు విన్నారు.

దీనికి రెండేళ్ల ముందు, 2012 అక్టోబర్‌లో, ఒబామా, రోమ్నీల మధ్య ఎన్నికల చర్చ నడుస్తుండగా కిచెన్‌ఎయిడ్ అనే మిక్సీల కంపెనీ ఖాతా నుంచి ఒబామా చనిపోయిన అమ్మమ్మ మీద ఒక నీచమైన జోకు వచ్చింది. సొంత ఖాతా అనుకుని ఒక ఉద్యోగి కంపెనీ ఖాతాలో రాసిన మాట అది. ఆ రాత్రే ఆ బ్రాండ్ అధిపతి సింథియా సోలెడాడ్ ముందుకొచ్చారు. తన పేరు చెప్పారు, హోదా చెప్పారు, ఒబామాకూ ఆయన కుటుంబానికీ క్షమాపణ చెప్పారు, తన బృందం చేసిన పనికి పూర్తి బాధ్యత తనదేనన్నారు. ఆ మాట అనడానికి లోగో ముందుకు రాలేదు, పేరున్న మనిషి వచ్చారు. మన దగ్గర క్షమాపణ చెప్పేది ఎప్పుడూ లోగోనే. నల్లటి పలకమీద తెల్లటి అక్షరాలు, కింద మేనేజ్‌మెంట్ అన్న సంతకం. లోగో ఎలా సిగ్గుపడుతుంది?

అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోవాల్సింది భాష.

మన తెలుగులో క్షమాపణకు ఒక అరిగిపోయిన అచ్చు ఉంది. ‘మా పోస్టు వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాం.’ ఈ వాక్యాన్ని ఒకసారి విడదీసి చూడండి. ‘ఎవరి... అయినా’ అంటే ఎవరివో మాకు తెలియదు. ‘మనోభావాలు’ అంటే నష్టం జరిగింది మనసులో, బయట ఏమీ కాలేదు. ‘దెబ్బతిని’ అంటే వాటంతట అవే తిన్నాయి, కొట్టినవాడు లేడు. ‘ఉంటే’ అంటే అసలు తిన్నాయో లేదో మాకు అనుమానం. ‘చింతిస్తున్నాం’ అంటే వాన పడి పంట పోయినప్పుడు కూడా అనగలిగిన మాట. ఇన్ని మాటలు రాసి ఒక్క తప్పూ ఒప్పుకోని వాక్యం ఇది. దీని తమ్ముడు ‘పొరపాటు జరిగింది’. జరిగింది! ఎవరూ చేయకుండానే జరిగింది. మన భాషలో ‘చేశాం’ అనే క్రియ ఉంది. చిన్నది, సూటిది. పిల్లలకు మొదట నేర్పేది అదే. గ్లాసు పగిలింది అంటే ఒప్పుకోం, పగలగొట్టాను అనమంటాం.

2023 జూన్ 5న, పర్యావరణ దినోత్సవం రోజు, జొమాటో ఒక వీడియో వేసింది. ‘లగాన్’ సినిమాలో కచ్రా అనే అంటరాని పాత్ర మీకు గుర్తుందా? 2001లో ఆ పాత్ర వేసిన ఆదిత్య లఖియానే తెచ్చి, చెత్తతో ఏమేం తయారవుతాయో చూపించడానికి అతన్నే దీపంగా, బల్లగా, తువ్వాలుగా, పూలకుండీగా చూపించారు. కచ్రా అంటే చెత్త కదా, అదీ చమత్కారం అనుకున్నారు. ఆ సినిమాలో ఆ పాత్ర కథంతా అతను చెత్త కాదు, మనిషి అని చెప్పడమే. దాన్ని తిప్పి మళ్లీ చెత్త చేశారు. దర్శకుడు నీరజ్ ఘెవాన్‌తో సహా చాలామంది మండిపడ్డారు. మూడు రోజుల తర్వాత జొమాటో వీడియో తీసేసింది. జాతీయ షెడ్యూల్డ్ కులాల కమిషన్ నోటీసు పంపింది. తీసేసినప్పుడు కంపెనీ చెప్పినదాంట్లో ప్లాస్టిక్ వ్యర్థాల గురించి సరదాగా అవగాహన కల్పించాలన్న తమ ఉద్దేశం ఉంది. అనుకోకుండా కొన్ని వర్గాల, కొందరు వ్యక్తుల మనోభావాలు గాయపరచి ఉండవచ్చన్న మాట ఉంది. దళితులు అన్న మాట లేదు. కులం అన్న మాట లేదు. ఎవరిని అవమానించారో వాళ్ల పేరు పలకలేని క్షమాపణ ఎవరికి చేరుతుంది? చిరునామా రాయని ఉత్తరం అది.

ఇలాంటి క్షమాపణలను రాసేది చాలాసార్లు లాయర్లు. ఒప్పుకున్న మాట కోర్టులో తమ మీదికే తిరుగుతుందని వాళ్ల భయం. ఆ భయం ఉత్తది కాదు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాటకు భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ ఉంది, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచీ ఉంది. లాయరు చెప్పింది వినండి. కానీ మీ ఊళ్లో మీ ముఖం చూసి కొనేవాళ్లతో మాట్లాడాల్సిన మాటను లాయరు చేత రాయించుకోకండి.

మంచి క్షమాపణ ఎలా ఉంటుందని అడిగితే, నాకు తోచింది ఇది: ‘నిన్న సాయంత్రం మా పేజీలో నల్లగా ఉన్న అమ్మాయిలను ఎగతాళి చేస్తూ ఒక పోస్టు వేశాం. ఒంటిరంగు పేరుతో ఇప్పటికే ఇంట్లో, బయట మాటలు పడుతున్న అమ్మాయిలను మేమూ అవమానించాం. తప్పు చేశాం. ఆ పోస్టు తీసేశాం. మా పేజీలో పడే ప్రతిదీ చూసుకోవలసిన బాధ్యత నాది, నేను చూసుకోలేదు. క్షమించండి.’ కింద యజమాని పేరు. అంతే. మా సంస్థ ముప్పై ఏళ్లుగా మహిళలను గౌరవిస్తోంది అన్న ముక్క అక్కర్లేదు. కూపన్లు అసలే వద్దు.

ఇంకో ప్రమాదం అబద్ధం. ఖాతా హ్యాక్ అయింది అనడం మనవాళ్లకు నోటికొచ్చిన మొదటి మాట. 2018 నవంబర్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ డోల్చే అండ్ గబానా, చైనా అమ్మాయి పుల్లలతో పిజ్జా తినలేక అవస్థ పడుతున్నట్టు వీడియోలు వేసింది. తర్వాత దాని యజమానుల్లో ఒకరైన స్టెఫానో గబానా ఖాతా నుంచి చైనాను తిడుతూ వెళ్లిన మెసేజ్‌లు బయటపడ్డాయి. హ్యాక్ అయిందన్నారు. ఎవరూ నమ్మలేదు. నవంబర్ 21న షాంఘైలో జరగాల్సిన ఫ్యాషన్ షో రద్దయింది, చైనా ఆన్‌లైన్ దుకాణాలు వాళ్ల సరుకు తీసేశాయి. రెండు రోజులకు ఇద్దరు యజమానులూ కెమెరా ముందు కూర్చుని చైనా భాషలో క్షమించమన్నారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. నిజంగా హ్యాక్ అయితే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ కాగితం చూపించండి. కాకపోతే ఆ మాట ఎత్తకండి.

వాదనకు దిగడమూ అంతే. 2021 మహిళా దినోత్సవం రోజున బ్రిటన్‌లో బర్గర్ కింగ్, ఆడవాళ్ల చోటు వంటింట్లోనే అని మొదటి ట్వీట్ వేసి, వంట వృత్తిలో ఆడవాళ్లు తక్కువమంది ఉన్నారని, వాళ్లకు స్కాలర్‌షిప్ ఇస్తామని తర్వాతి ట్వీట్లలో చెప్పింది. ఉద్దేశం మంచిదే. కానీ జనం చూసింది మొదటి ముక్క. తీసేయమంటే మొదట వాదించింది. ఆ రోజు గడవకముందే తీసేసి, తప్పు చేశామంది. ఆ వాదించిన గంటలే దాని మంచి ఉద్దేశాన్ని ముంచేశాయి.

ఇక అడ్మిన్ సంగతి. గొడవ పెద్దదవగానే సదరు ఉద్యోగిని తొలగించాం అని ప్రకటించడం కంపెనీలకు సులువైన దారి. జీతం ఇంత, రోజుకు పది పోస్టులు, చూసే పెద్ద లేడు, లైకులు రాకపోతే తిట్లు. ఈ పద్ధతి పెట్టింది ఎవరు? ఆ కుర్రాణ్ని బయటికి గెంటేస్తే ఆ పద్ధతి పోతుందా? రేపు ఇంకొక కుర్రాడు అదే కుర్చీలో కూర్చుంటాడు. 2013 డిసెంబర్‌లో ఒక అమెరికన్ కంపెనీ ప్రచార ఉద్యోగిని ఆఫ్రికా విమానం ఎక్కుతూ ఎయిడ్స్ మీద చేసిన ఒక ట్వీట్, ఆమె విమానంలో ఉన్న గంటల్లోనే ప్రపంచమంతా పాకింది. దిగేసరికి జీవితం తలకిందులైంది. ఆ ట్వీట్‌ను నేను వెనకేసుకురాను. కానీ ఒక మనిషిని గుంపుకు అప్పగించేముందు కంపెనీ ఆగి ఆలోచించాలి. గొంతే జీతమైన మనిషి వేరు. 2011 మార్చిలో జపాన్ సునామీ శవాలు ఇంకా తేలుతుండగా, అఫ్లాక్ బీమా కంపెనీ యాడ్లలోని బాతుకు గొంతు ఇచ్చే హాస్యనటుడు గిల్బర్ట్ గాట్‌ఫ్రీడ్ ఆ విషాదం మీద జోకులు వేశాడు. కంపెనీ ఆయన్ను వెంటనే తీసేసింది. ఆ కంపెనీ ఆదాయంలో సుమారు నాలుగింట మూడొంతులు జపాన్ నుంచే వచ్చేది. ఆయన దాని ముఖం, అందుకు డబ్బు తీసుకున్నవాడు. నెలజీతం అడ్మిన్‌ది ఆ స్థితి కాదు. అతన్ని కూర్చోబెట్టి నేర్పండి, ఆ పోస్టుకు ఒప్పుకున్నవాడి పేరు ముందు పెట్టండి.

గొడవ చేసిన ప్రతివాడికీ తలవంచమని కూడా నేను చెప్పడం లేదు. 2020 అక్టోబర్‌లో తనిష్క్ యాడ్ గుర్తుందా? ముస్లిం అత్తగారు హిందూ కోడలికి సీమంతం చేస్తుంది. అందులో ఎవరి మీదా జోకు లేదు, ఎవరినీ కించపరచలేదు. అయినా గుంపులు విరుచుకుపడ్డాయి, సిబ్బంది క్షేమం కోసమని కంపెనీ దాన్ని తీసేసింది. అలాంటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: మన మాట కింద నలిగినవాళ్లు ఎవరు? నలిగినవాళ్లుంటే వాళ్లకు క్షమాపణ చెప్పాలి. నలిగినవాళ్లు లేకుండా అరిచేవాళ్లే ఉంటే, క్షమాపణ చెప్పడం ఇంకొకరికి అన్యాయం. రెండు సందర్భాల్లోనూ ముందు చేయాల్సింది మాత్రం ఒకటే. కౌంటరు దగ్గర నిలబడే అమ్మాయికి, గుమ్మంలో సెక్యూరిటీ గార్డుకు, డెలివరీ కుర్రాడికి, ఫోనెత్తే మనిషికి ఏం జరిగిందో చెప్పాలి. జనం కోపం మొదట తగిలేది వాళ్లకే. పేజీలో ఏం పడిందో కూడా వాళ్లకు తెలియదు.

మంచి క్షమాపణకు మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2024 జూలైలో ఒక తెలుగు యూట్యూబర్ తండ్రీ కూతుళ్ల వీడియో మీద స్నేహితులతో చేరి వేసిన అసభ్య జోకులు బయటికొచ్చాయి. నటుడు సాయి దుర్గా తేజ్ గొంతెత్తారు, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, అతన్ని బెంగళూరులో పట్టుకున్నారు. అంతకు నెల ముందే విడుదలైన ‘హరోం హర’లో అతనొక పాత్ర వేశాడు. ఆ సినిమా హీరో సుధీర్ బాబుకు ఆ జోకులతో ఏ సంబంధమూ లేదు. నాకేం పట్టింది అనొచ్చు. అనలేదు. అలాంటివాణ్ని మా సినిమాలో పెట్టుకున్నందుకు క్షమించండని తన పేరుతో రాశారు. అందులో ‘ఉంటే’ లేదు, ‘అయినా’ లేదు.

వ్యాపారం చేస్తున్నవాళ్లకు చివరిగా ఒక మాట. ఈ సాయంత్రం మీ పేజీ నడిపే కుర్రాణ్ని పిలిపించుకోండి. ఎదురుగా కూర్చోబెట్టుకోండి. రేపటి పోస్టులు ముందు నాకు చూపించు అనండి. ఏదైనా తేడా జరిగితే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్, తిట్టను అని మాటివ్వండి. మీ నంబరు అతని ఫోన్‌లో ఉందో లేదో అడగండి. లేకపోతే అక్కడే, మీ ఎదుటే సేవ్ చేయించండి.